జడ్జీలు ఇవ్వని గెలుపు ఎటు పోతుంది?

ప్రశ్న: నమస్తే. నేనూ మా అన్నయ్యా చిన్నప్పటి నుంచి బాక్సింగ్ కలిసే చూస్తాం. నాకు గెన్నడీ గొలోవ్కిన్ అంటే ప్రాణం. అన్నయ్యకు కానెలో అల్వారెజ్ అంటే ఇష్టం. 2017లో వాళ్ళిద్దరి మొదటి ఫైట్ డ్రా అని ప్రకటించినప్పుడు నాకు ఏడుపొక్కటే తక్కువ. 2018లో రెండోసారి కానెలో గెలిచాడన్నారు. ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్య ఈ గొడవ తెగలేదు. "రికార్డు తీసి చూడు, మీవాడు ఒక్కసారైనా గెలిచాడా? యాభై ఏళ్ళ తర్వాత జనం చూసేది అదే" అంటాడు అన్నయ్య. పోయిన నెల మాటా మాటా పెరిగింది. ఇప్పుడు కలిసి ఫైట్లు చూడటం కూడా మానేశాం. జడ్జీలు అన్యాయం చేస్తే ఒక బాక్సర్ పేరు చరిత్రలో నిజంగానే తగ్గిపోతుందా? ముగ్గురు మనుషులు కుర్చీల్లో కూర్చుని ఒకడి జీవితం రాసేస్తుంటే ఇక ఈ ఆట చూడటం ఎందుకు? దయచేసి చెప్పండి.
— ఒక పాఠకుడు

జవాబు: మీ ఉత్తరం అందిన రోజే జవాబు రాద్దామని కూర్చున్నాను. రాయలేకపోయాను. ఈ విషయం మీద నాకు ఒక అభిప్రాయం ఉంది కానీ, అది 2017లో కోపంలో ఏర్పరచుకున్నది. దాన్నే మీకు అప్పజెప్పడం న్యాయం కాదనిపించింది. అందుకని ఆ ఫైట్ మొదటి నుంచీ మళ్ళీ చూశాను, సౌండ్ తీసేసి, పక్కన కాగితం పెట్టుకుని. పన్నెండు రౌండ్లూ అయ్యేసరికి నా కాగితం మీద గొలోవ్కిన్‌కి ఏడు, కానెలోకి ఐదు ఉన్నాయి. అంటే 115-113 (ఈ అంకెల లెక్క కింద చెబుతాను). ఆ రాత్రి లాస్ వెగాస్‌లో రింగ్ పక్కన కూర్చున్న ముగ్గురు జడ్జీల్లో డేవ్ మొరెట్టి వేసిన స్కోరు కూడా అదే. కాబట్టి మొదటి ఫైట్ విషయంలో నేను మీ వైపే.

రెండో ఫైట్ విషయంలో మాత్రం మీ అన్నయ్య మాటను కొట్టిపారేయలేను. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు ఆ ముగ్గురు జడ్జీల స్కోరు కార్డులను కాస్త దగ్గరగా చూడండి. మొరెట్టి గొలోవ్కిన్ గెలిచాడన్నారు. డాన్ ట్రెల్లా 114-114, అంటే చెరి ఆరు రౌండ్లు. ఎడలైడ్ బర్డ్ కార్డు 118-110, కానెలోకి. పన్నెండు రౌండ్లలో గొలోవ్కిన్‌కి ఆమె ఇచ్చినవి రెండే. జనం కోపమంతా ఈ కార్డు మీదికే పోయింది. అది సహజం, నాకూ ఆ కార్డు చూస్తే కడుపు మండుతుంది. కానీ ఒకసారి లెక్క వేయండి. బర్డ్ 118-110కి బదులు కానెలోకే 115-113 ఇచ్చి ఉన్నా ఫలితం డ్రానే. గొలోవ్కిన్‌కి గెలుపు అందకుండా పోయింది ట్రెల్లా కార్డు దగ్గర. అక్కడ ఒక్క రౌండ్ ఇటు పడి ఉంటే 115-113 అయ్యేది, ఇద్దరు జడ్జీల మాటతో గొలోవ్కిన్ గెలిచేవాడు. అందరూ తిట్టిన కార్డు ఒకటి, అసలు ఫలితాన్ని మార్చిన కార్డు ఇంకొకటి. ఎవరూ పట్టించుకోని ఆ మధ్య కార్డే చరిత్రలో మిగిలింది.

ఈ లెక్క మీకు బాగా తెలిసే ఉంటుంది. అయినా చెబుతాను, ఎందుకంటే చాలా గొడవలకు మూలం ఇక్కడే ఉంది. రౌండ్ గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9 వేస్తారు. ఓడినవాడు ఒకసారి కింద పడితే మామూలుగా 8. ఒక రౌండ్‌లో రెండు పంచ్‌లు ఎక్కువ కొట్టి బొటాబొటిగా గెలిచినా 10-9 వస్తుంది. ఇంకో రౌండ్‌లో మూడు నిమిషాలూ ఎదుటివాడిని తాళ్ళకు ఆనించి చితక్కొట్టినా, అతను కింద పడకపోతే చాలామంది జడ్జీలు వేసేది 10-9 మాత్రమే. అంచేత ఐదు రౌండ్లు భారీగా గెలిచి, ఏడు రౌండ్లు వెంట్రుకవాసిలో పోగొట్టుకున్నవాడు 113-115తో ఓడిపోతాడు. చూసినవాళ్ళ మనసులో మాత్రం గెలిచింది అతనే. ఆ ఐదు రౌండ్ల దెబ్బలే కళ్ళ ముందు మెదులుతుంటాయి కదా.

జడ్జీలు కూర్చునే చోటు కూడా గుర్తుపెట్టుకోండి. ముగ్గురూ రింగ్‌కి మూడు వైపులా కూర్చుంటారు. మీకు టీవీలో స్పష్టంగా కనిపించిన పంచ్, వాళ్ళలో ఒకరికి రిఫరీ వీపు వెనకో, బాక్సర్ భుజం వెనకో దాగిపోతుంది. ప్రతి రౌండ్ అయ్యాక కార్డు తీసేసుకుంటారు, మళ్ళీ దిద్దుకోవడం కుదరదు. శుభ్రంగా తగిలిన దెబ్బలు, ఫలితం ఇచ్చే దూకుడు, రింగ్ మీద పట్టు, డిఫెన్స్, ఈ నాలుగూ చూడాలని అంటారు. ఏది ఎంత చూడాలో మాత్రం కొలత లేదు. వెనక్కి నడుస్తూ కొట్టేవాడు ఒక జడ్జికి తెలివైనవాడు, ఇంకొకరికి పారిపోయేవాడు. దురుద్దేశం ఏమీ లేకపోయినా ముగ్గురు మూడు ఫైట్లు చూసి లేవడం ఈ ఆటలో మామూలే.

ఇక మీ అన్నయ్య అన్న యాభై ఏళ్ళ మాట. యాభై ఏళ్ళ తర్వాత జనం ఏం చూస్తారో మనం ఊహించుకోనక్కర్లేదు. 1976 నాటి ఫైట్ ఒకటి ఉంది.

ఆ సెప్టెంబర్ 28న న్యూయార్క్ యాంకీ స్టేడియంలో మహమ్మద్ అలీ, కెన్ నార్టన్ మూడోసారి తలపడ్డారు. 1973 మార్చిలో నార్టన్ అలీ దవడ ఎముక విరగ్గొట్టి గెలిచాడు. అదే ఏడాది సెప్టెంబర్‌లో అలీ స్ప్లిట్ డెసిషన్‌తో, అంటే ముగ్గురిలో ఇద్దరి మాటతో, బదులు తీర్చుకున్నాడు. మూడోది పదిహేను రౌండ్ల ఫైట్, హెవీవెయిట్ టైటిల్ కోసం. పద్నాలుగు రౌండ్లు అయ్యేసరికి ఇద్దరు జడ్జీల దగ్గర చెరి సమానం. ఆ సంగతి అప్పుడు ఎవరికీ తెలియదు. నార్టన్ కార్నర్‌లో ఉన్న అతని మనుషులు నువ్వే ముందున్నావు, జాగ్రత్తగా ఆడితే చాలు అనుకున్నారు, అతనికీ అదే చెప్పారు. గంట మోగింది. నార్టన్ ఆ చివరి రౌండ్‌లో సాహసం చేయలేదు. అలీ కాళ్ళు కదిలించి, చేతులు ఆడించి ఆ మూడు నిమిషాలూ లాక్కున్నాడు. రౌండ్ల లెక్కలో ఇద్దరు జడ్జీలు 8-7, రిఫరీ 8-6, ఒకటి సమానం, ముగ్గురూ అలీకే ఇచ్చారు. నార్టన్ ఏడుస్తూ రింగ్ దిగాడు. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఆ ఫైట్ గెలిచింది నార్టనే అనేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ సంఖ్య తక్కువేం కాదు.

ఆ తర్వాత జరిగింది వినండి. 1978లో ప్రపంచ బాక్సింగ్ కౌన్సిల్ నార్టన్‌ని చాంపియన్‌గా ప్రకటించింది, రింగ్‌లో టైటిల్ ఫైట్ గెలవకుండానే. ఆ జూన్‌లో మొదటిసారి బెల్ట్ నిలబెట్టుకోవడానికి దిగితే ఎదురుగా లారీ హోమ్స్. మళ్ళీ పదిహేను రౌండ్లు. మూడు కార్డుల్లోనూ 143-142. రెండు హోమ్స్‌కి, ఒకటి నార్టన్‌కి. హెవీవెయిట్ చాంపియన్ల జాబితాలో టైటిల్ ఫైట్ ఒక్కటీ గెలవని మనిషిగా నార్టన్ పేరు మిగిలిపోయింది.

మరి యాభై ఏళ్ళకు జనం ఏం చూస్తున్నారు? రెండూ చూస్తున్నారు. రికార్డు తీసినవాడికి అలీ చేతిలో రెండు ఓటములు కనిపిస్తాయి. ఫైట్ చూసినవాడికి అలీని మూడుసార్లు అవతలి ఒడ్డు దాకా తీసుకెళ్ళిన బాక్సర్ కనిపిస్తాడు. నార్టన్ 1992లో గొప్ప బాక్సర్లను గౌరవించే అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్ళాడు, పేరుకి లోటు లేదు. లోటు ఎక్కడంటే, మూడోసారి అలీని ఓడించిన చాంపియన్‌గా అతను ఎవరెవరితో ఆడేవాడు, ఎంత సంపాదించేవాడు, ఎంతకాలం నిలిచేవాడు అన్నచోట. ఆ సంవత్సరాలు ఏ హాల్ ఆఫ్ ఫేమ్ కూడా తిరిగి ఇవ్వలేదు.

మీకు నేను చెప్పాలనుకున్నది ఇదే. తప్పుడు తీర్పు వల్ల పేరు పోతుందని మనం భయపడతాం. నిజానికి పేరు చాలాసార్లు ఎలాగో నిలబడుతుంది. పోయేది కాలం. సరైన వయసులో రావాల్సిన ఫైట్, చేతికి అందివచ్చిన బెల్ట్, రీమ్యాచ్‌కి షరతులు తాను పెట్టగలిగే బలం, ఇవి పోతాయి. అందుకే వివాదాస్పద తీర్పు గురించి ఎవరైనా మాట్లాడినప్పుడు నేను మొదట అడిగేది ఒకటే: ఆ బాక్సర్‌కి మళ్ళీ అవకాశం ఎప్పుడు వచ్చింది?

లెనాక్స్ లూయిస్ సంగతి చూడండి. 1999 మార్చి 13న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఇవాండర్ హోలీఫీల్డ్‌తో ఫైట్. పంచ్‌ల లెక్క తీసినవాళ్ళు లూయిస్‌వి 348 తగిలాయన్నారు, హోలీఫీల్డ్‌వి 130. ఐదో రౌండ్‌లో లూయిస్ హోలీఫీల్డ్‌ని తాళ్ళ దగ్గర నిలబెట్టి వాయించాడు. యూజీనియా విలియమ్స్ అనే జడ్జి ఆ రౌండ్ హోలీఫీల్డ్‌కి రాశారు. ఫోటోగ్రాఫర్లు అడ్డొచ్చి సరిగ్గా కనపడలేదని తర్వాత ఆమే చెప్పారు. ఆమె కార్డు 115-113 హోలీఫీల్డ్‌కి, ఇంకొకరిది 116-113 లూయిస్‌కి, మూడోది 115-115. డ్రా. ఇంతకన్నా పచ్చి అన్యాయం హెవీవెయిట్‌లో చాలా అరుదు. కానీ ఈ రోజు లూయిస్ గొప్పతనం గురించి మాట్లాడేటప్పుడు ఆ డ్రాని ఎవరూ మచ్చగా చెప్పరు. ఎనిమిది నెలలకే, నవంబర్ 13న, రీమ్యాచ్ వచ్చింది. లూయిస్ ముగ్గురి కార్డుల్లోనూ గెలిచి, టైటిళ్ళన్నీ తీసుకుని వెళ్ళిపోయాడు. నాకు చిత్రంగా అనిపించేది ఏమిటంటే, ఆ రెండో ఫైట్ మొదటిదానికన్నా పోటాపోటీగా సాగింది. కష్టపడి గెలవాల్సిన రోజున గెలుపు ఇచ్చారు, తేలిగ్గా గెలిచిన రోజున ఇవ్వలేదు. అయినా ఎనిమిది నెలల్లో సరిదిద్దారు కాబట్టి గాయం మానింది.

పెర్నెల్ విటేకర్‌కి ఆ అదృష్టం లేదు. 1993 సెప్టెంబర్ 10, శాన్ ఆంటోనియోలో అలమోడోమ్. యాభై వేలకు పైగా జనం, ఎక్కువమంది వచ్చింది హూలియో సీజర్ చావెజ్ కోసం. అప్పటికి చావెజ్ 87 ఫైట్లలో ఓటమి ఎరగడు. విటేకర్ అతన్ని గాలిలో పంచ్‌లు వేయించాడు. పక్కకి జరగడం, కిందకి వంగడం, లేస్తూ ఎడమ చెయ్యి వేయడం, రౌండ్ తర్వాత రౌండ్ ఇదే. ఒక జడ్జి 115-113 విటేకర్‌కి ఇచ్చారు, మిగతా ఇద్దరూ 115-115. మళ్ళీ డ్రా. చావెజ్ ఓటమి లేని రికార్డు ఆ రాత్రికి బతికి బయటపడింది. నాలుగు నెలలకు, 1994 జనవరిలో, ఫ్రాంకీ రాండల్ దాన్ని ముగించాడు. ప్రపంచం ఇంకా దాన్ని చావెజ్ మొదటి ఓటమి అనే రాసుకుంటుంది. విటేకర్, చావెజ్ మళ్ళీ ఎప్పుడూ తలపడలేదు.

విటేకర్‌కి ఇది మొదటి దెబ్బ కూడా కాదు. 1988లో పారిస్ శివార్లలో హోసే లూయిస్ రమిరెజ్‌తో అతను గెలిచిన ఫైట్‌ని ఓటమి కింద రాశారు. అయినా చూడండి, విటేకర్ డిఫెన్స్ గురించి ఎవరైనా చెప్పాలంటే ముందు ఆ చావెజ్ ఫైటే చూపిస్తారు. రికార్డులో డ్రాగా ఉన్న రాత్రి అతని జీవితంలో అన్నిటికన్నా గొప్పగా ఆడిన రాత్రిగా నిలిచిపోయింది. ఆ ఆట అంత స్పష్టంగా ఉంది కాబట్టి కార్డులు దాన్ని కప్పలేకపోయాయి. మీ గొలోవ్కిన్ మొదటి ఫైట్‌కి ఇంత స్పష్టత లేదు, మనం నిజాయితీగా ఒప్పుకోవాలి. 7-5 గెలుపు అది. 8-4 అన్నా నేను వాదించను. కానీ కళ్ళు మూసుకుని చెప్పగలిగే గెలుపు కాదు.

తీర్పు వల్ల లాభపడినవాళ్ళ గురించి మనం ఆలోచించం. ఆలోచించాలి. 2012 జూన్ 9న మానీ పాక్వియావ్ మీద తిమోతీ బ్రాడ్లీ గెలిచాడన్నారు. ఇద్దరు జడ్జీలు 115-113 బ్రాడ్లీకి, ఒకరు 115-113 పాక్వియావ్‌కి. తర్వాత ప్రపంచ బాక్సింగ్ ఆర్గనైజేషన్ ఐదుగురు జడ్జీలతో ఆ వీడియో మళ్ళీ చూపించి స్కోరు వేయించింది. ఐదుగురూ పాక్వియావే గెలిచాడన్నారు. ఫలితం మాత్రం మారలేదు. ఆ రాత్రి కాళ్ళకు దెబ్బలు తగిలి బ్రాడ్లీ ప్రెస్ మీట్‌కి చక్రాల కుర్చీలో వచ్చాడు. వెల్టర్‌వెయిట్‌లో ప్రపంచ చాంపియన్ అయిన రోజు అది. సంబరం చేసుకోవాల్సినవాడికి బెదిరింపులు వచ్చాయి, వెక్కిరింపులు వచ్చాయి. తన కార్డు తాను రాసుకోలేదు కదా ఆ మనిషి! తర్వాతి ఫైట్‌లో, 2013 మార్చిలో, రుస్లాన్ ప్రొవోద్నికోవ్‌తో అతను ఆడిన తీరు చూస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. మొదటి రౌండ్లలోనే కాళ్ళు తేలిపోయాయి, అయినా నిలబడి కొట్టాడు, చివరి రౌండ్‌లో మోకాలి మీద పడి కూడా లేచాడు, గెలిచాడు. జడ్జీలు తనకిచ్చిన గెలుపుకి తాను అర్హుడినని నిరూపించుకోవడానికి ఒళ్ళు హూనం చేసుకున్నాడని నా నమ్మకం. పాక్వియావ్ 2014లో, 2016లో రెండుసార్లూ అతన్ని స్పష్టంగా ఓడించాడు. అయినా 2023లో బ్రాడ్లీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో అడుగుపెట్టాడు. పాక్వియావ్ మీద గెలుపు వల్ల కాదు, ఆ గెలుపు తెచ్చిన అవమానం తర్వాత ఆడిన ఆట వల్ల.

ఇంకో రకం లాభం ఉంది, దాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఫ్లాయిడ్ మేవెదర్ 50-0తో, అంటే ఒక్క ఓటమీ లేకుండా, రిటైరయ్యాడు. ఆ సున్నా చుట్టూ అతని పేరంతా అల్లుకుంది. 2002 ఏప్రిల్‌లో హోసే లూయిస్ కాస్టియోతో మొదటి ఫైట్‌లో ముగ్గురు జడ్జీలూ మేవెదర్‌కే ఇచ్చారు. టీవీలో కూర్చుని స్కోరు వేసిన హెరాల్డ్ లెడర్‌మన్ మాత్రం 115-111 కాస్టియోకి ఇచ్చాడు. 1976లో అలీకి 8-7 ఇచ్చిన జడ్జీల్లో ఒకరు ఈ లెడర్‌మనే. మేవెదర్ అదే ఏడాది డిసెంబర్‌లో కాస్టియోతో మళ్ళీ ఆడి గెలిచాడు, అది అతని గొప్పతనం, కాదనను. కానీ మొదటిది అటు పోయి ఉంటే 49-1 అయ్యేది. బాక్సర్‌గా అతను ఇసుమంత కూడా తగ్గేవాడు కాదు. జనం అతన్ని చూసే చూపు మాత్రం మారిపోయేది. దీన్నిబట్టి ఆ సున్నా మీద మనం ఎంత ఎక్కువ నమ్మకం పెట్టుకున్నామో ఆలోచించండి.

ఇప్పుడు మీ గొలోవ్కిన్ దగ్గరికి వద్దాం. 2017 డ్రా నాటికి అతనికి 35 ఏళ్ళు. రీమ్యాచ్ 2018 మేలో అనుకున్నారు. కానెలో పరీక్షల్లో క్లెన్‌బ్యుటెరాల్ అనే నిషేధిత మందు బయటపడింది. కలుషితమైన మాంసం వల్ల అని అతని వివరణ, ఆరు నెలల సస్పెన్షన్ పడింది. దాంతో ఫైట్ సెప్టెంబర్ 15కి పోయింది. 36 ఏళ్ళ మిడిల్‌వెయిట్ బాక్సర్‌కి ఏడాది అంటే చిన్న మాట కాదు. ఆ రెండో ఫైట్ కార్డులు 115-113, 115-113 కానెలోకి, మూడోది 114-114. ఆ రాత్రి కానెలో వెనక్కి తగ్గలేదు, రింగ్ మధ్యలో నిలబడి గొలోవ్కిన్‌నే వెనక్కి నడిపించాడు. నేను రెండుసార్లు స్కోరు వేశాను, ఒకసారి ఒకరికి, ఒకసారి మరొకరికి వచ్చింది. అది దగ్గరి ఫైట్, దోపిడీ కాదు. మీ అన్నయ్య వైపు అన్నది ఇందుకే.

కానీ ఒక్క రౌండ్ ఎంత బరువో ఇక్కడ చూడండి. ఆ మేలో వానెస్ మార్టిరోస్యాన్‌ని ఓడించి గొలోవ్కిన్ వరుసగా ఇరవైసార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. మిడిల్‌వెయిట్‌లో బెర్నార్డ్ హాప్కిన్స్ రికార్డు కూడా ఇరవయ్యే. రెండో ఫైట్‌లో ఒక్క జడ్జి కార్డులో ఒక్క రౌండ్ ఇటు వచ్చి ఉంటే, రెండు కార్డులు సమానమై ఫైట్ డ్రా అయ్యేది. డ్రా అయితే బెల్ట్ చాంపియన్ దగ్గరే ఉంటుంది. ఇరవై ఒకటి అయ్యేది. హాప్కిన్స్‌ని దాటి ఒంటరిగా నిలిచేవాడు. పైగా అతని ఆ ఇరవైలో 2017 డ్రా కూడా ఒకటి! అన్యాయమైన ఆ డ్రానే అతన్ని ఇరవైకి చేర్చింది. ఈ సంగతి మీ అన్నయ్యకు చెప్పండి, మీరూ ఒకసారి గుర్తు చేసుకోండి. మూడో ఫైట్ 2022లో జరిగేసరికి గొలోవ్కిన్‌కి 40 ఏళ్ళు. ఓడిపోయాడు, ఏ అనుమానం లేకుండా. అది కానెలో గెలుపే. అయితే అది జరగాల్సిన కాలం అది కాదు.

రికార్డులో ఒక్క గెలుపూ లేదన్న మీ అన్నయ్య మాట నిజం. గొలోవ్కిన్ స్థానం పోయిందా అన్న మీ ప్రశ్నకు నా జవాబు, పోలేదు. ప్రొఫెషనల్‌గా 45 ఫైట్లలో అతను ఓడింది రెండే, రెండూ కానెలో చేతిలోనే. కానెలో గురించి రాసే ప్రతిచోటా 2017 రాత్రి గురించి ఒక వాక్యం రాయక తప్పడం లేదు. కానెలో అభిమానులకు అది ఇష్టం ఉన్నా లేకపోయినా అంతే.

ఈ ఆట చూడటం ఎందుకని మీరు అడిగారు. ఆ నిస్పృహ నాకు తెలుసు. 1992 ఫిబ్రవరిలో అట్లాంటిక్ సిటీలో డేవ్ టిబెరీ అనే పెద్దగా పేరులేని బాక్సర్, చాంపియన్ జేమ్స్ టోనీతో ఆడి స్ప్లిట్ డెసిషన్‌తో ఓడిపోయాడు. చూసినవాళ్ళలో చాలామంది అతనే గెలిచాడన్నారు. రీమ్యాచ్ ఇస్తామన్నారు. టిబెరీ వద్దన్నాడు. మళ్ళీ రింగ్ ఎక్కలేదు. అతని రాష్ట్రం డెలావేర్ సెనేటర్ విలియమ్ రాత్ ఆ గొడవను పట్టుకుని అమెరికా సెనేట్‌లో ప్రొఫెషనల్ బాక్సింగ్ మీద విచారణ దాకా తీసుకెళ్ళారు. అక్కడా ఇక్కడా చర్యలూ ఉన్నాయి. 2011లో పాల్ విలియమ్స్, ఎరిస్లాండీ లారా ఫైట్ తర్వాత న్యూజెర్సీ ఆ ముగ్గురు జడ్జీలనూ సస్పెండ్ చేసింది. 2022లో గ్లాస్గోలో జోష్ టేలర్, జాక్ కాటరాల్ ఫైట్ తర్వాత బ్రిటిష్ బోర్డు ఒక జడ్జి స్థాయి తగ్గించింది. రెండుచోట్లా ఫలితం మాత్రం అలాగే ఉంచారు. చాలదు, నాకూ తెలుసు. స్కోర్లు మధ్యలో ప్రకటించాలని, జడ్జీలను పెంచాలని అడిగేవాళ్ళు ఉన్నారు, అడగాలి కూడా. 1976లో పదిహేనో రౌండ్ ముందు స్కోరు ఎంతో నార్టన్‌కి తెలిసి ఉంటే అనుకున్నప్పుడల్లా నా మనసు అటే మొగ్గుతుంది.

కానీ మీరు చూడటం మానేస్తే, కార్డు తప్ప ఆ ఫైట్‌కి సాక్ష్యం చెప్పేవాడు ఒకడు తగ్గుతాడు. విటేకర్‌ని నిలబెట్టింది ఆ రాత్రి ఆట చూసి, ఇన్నేళ్ళూ చెప్తూ వచ్చినవాళ్ళే.

చివరగా మీ అన్నయ్య సంగతి. నిజం చెప్పాలంటే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. పక్కన కూర్చుని చూసేవాడు పోవడం ఏ డ్రా కన్నా పెద్ద నష్టం. మీరే ముందు ఫోన్ చేయండి. వాదన మొదలుపెట్టకండి. "అన్నయ్యా, రెండో ఫైట్ దగ్గరిదేలే, నీ మాటా కాదనలేను" అని చెప్పండి. అది మీరు ఓడిపోవడం కాదు, అది నిజం. మొదటి ఫైట్ సంగతి ఆయనే ఎత్తే దాకా ఎత్తకండి.

తర్వాత ఇద్దరూ కలిసి, ఇద్దరిలో ఎవరికీ అభిమానం లేని ఒక పాత ఫైట్ చూడండి. 1987 ఏప్రిల్ 6, మార్విన్ హాగ్లర్, షుగర్ రే లియోనార్డ్. పన్నెండు రౌండ్లు. కామెంటరీ, జనం అరుపులు లేకుండా సౌండ్ పూర్తిగా తీసేయండి. తలా ఒక కాగితం. ప్రతి రౌండ్ అవ్వగానే, తర్వాతి గంట మోగేలోపు స్కోరు రాసి కాగితం బోర్లించాలి. ఎటైనా వేయొచ్చు అనిపించిన రౌండ్ పక్కన ఒక చుక్క పెట్టండి. ఆ చుక్కలు నాలుగు దాటితే, ఆ ఫైట్‌ని ఎవరికి ఇచ్చినా దోపిడీ అనకూడదని నేను పెట్టుకున్న నియమం. మొదటి రౌండ్లలో ఎడమచేతి వాటంగా నిలబడే హాగ్లర్ ఆ రోజు ఎలా నిలబడ్డాడో గమనించండి. లియోనార్డ్ ప్రతి రౌండ్‌లోనూ ఆఖరి అర నిమిషం ఏం చేస్తున్నాడో చూడండి. పంచ్‌లు ఎన్ని పడ్డాయి, ఎన్ని గ్లవ్స్ మీద ఆగాయి అన్నది విడిగా లెక్కపెట్టండి.

ఆ రోజు ఒక జడ్జి 115-113 హాగ్లర్‌కి ఇచ్చారు, ఒకరు 115-113 లియోనార్డ్‌కి ఇచ్చారు, మూడో ఆయన 118-110 లియోనార్డ్‌కి ఇచ్చారు. హాగ్లర్ ఏడాది పైగా రీమ్యాచ్ కోసం ఎదురుచూసి, 1988లో రిటైరై ఇటలీ వెళ్ళిపోయాడు. మళ్ళీ గ్లవ్స్ తొడగలేదు.

మీ ఇద్దరి కార్డులూ, చుక్కలతో సహా, నాకు పంపండి. నాది 115-113. ఎవరికిచ్చానో మీవి అందాక రాస్తాను.